వెలుగు పైన, గాలి కింద: అయాన్ల పొరలు నడుమ ఎందుకు ఏర్పడతాయి?

దేవరకొండ నుంచి ఒక ఇంటర్ విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. సూర్యకాంతి పైన బలంగా ఉండి కిందికి వచ్చేకొద్దీ తగ్గుతుంది. గాలిని అయాన్లుగా, అంటే విద్యుదావేశం గల కణాలుగా విడగొట్టేది ఆ కాంతే అయితే, అన్నిటికన్నా పైన అయాన్లు ఎక్కువగా ఉండి కిందికి తగ్గుతూ రావాలి. మరి పుస్తకంలో అయనావరణాన్ని, అంటే ఎత్తున అయాన్లు నిండి ఉండే గాలి ప్రాంతాన్ని, డి, ఇ, ఎఫ్ అని విడివిడి పొరలుగా ఎందుకు గీశారు? రాత్రి సూర్యుడు లేనప్పుడు అవన్నీ ఎందుకు మాయం కావు? ఇతర గ్రహాల మీద కూడా ఇలాగే ఉంటాయా?

నల్లగొండలో ముప్పై ఏళ్ళకు పైగా డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం బోధించాను, హామ్ రేడియో (అభిరుచి కొద్దీ నడిపే రేడియో) మీద అంతకంటే ఎక్కువ కాలం గడిపాను. ఈ ప్రశ్న తరగతిలో అడిగిన వారు చాలా తక్కువ మంది. పుస్తకంలో గీసిన పొరలను ఉల్లిపాయ పొరల్లాగా ఊహించుకుని, కంఠస్థం చేసి, పరీక్ష రాసి వెళ్ళిపోయిన వారే ఎక్కువ. మీకు సందేహం రావడానికి కారణం మీరు బొమ్మను కాక, కారణాన్ని చూడడమే. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా మీ తర్కంలో ఎక్కడ చిక్కు పడిందో చూద్దాం. అయాన్ పుట్టాలంటే కాంతి ఒక్కటే చాలదు, ఆ కాంతిని మింగే అణువు కూడా ఉండాలి. మన జిల్లా వారికి కాలువ లెక్క బాగా తెలుసు కనుక దానితోనే చెబుతాను. ఒక కాలువ మొదట్లో అంతా గుట్టలు, రాళ్ళు ఉండి అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే మడి ఉందనుకోండి. ముందుకు వెళ్ళేకొద్దీ ప్రతి మైలుకూ మడుల సంఖ్య రెట్టింపు అవుతూ పోతుందనుకోండి. ప్రతి మడీ తన పక్క నుంచి పారే నీటిలో ఒక వంతు తీసుకుంటుంది. ఏ మైలులో ఎక్కువ నీరు వాడకమవుతుంది? మొదటి మైలులో కాలువ నిండుగా ఉంది, కాని తీసుకునే మడులు లేవు. చివరి ఆయకట్టులో మడులు వందలుగా ఉన్నాయి, కాని నీరు అక్కడిదాకా రాదు. నీరు ఇంకా మిగిలి ఉండి, మడులు కూడా తగినన్ని ఉన్న నడిమి మైలులోనే వాడకం అన్నిటికన్నా ఎక్కువగా ఉంటుంది. అక్కడికి ముందు క్రమంగా పెరుగుతుంది, ఆ తర్వాత చాలా వేగంగా పడిపోతుంది.

వాతావరణంలో జరిగేది కచ్చితంగా ఇదే. కాలువ నీరు సూర్యుడి అతినీలలోహిత కాంతి, మడులు గాలి అణువులు. కిందికి వచ్చేకొద్దీ గాలి సాంద్రత గుణశ్రేఢిలో పెరుగుతుంది. వాయువుకు, తరంగదైర్ఘ్యానికి తగినట్టు మారుతున్నా, ఒక చదరపు సెంటీమీటరు మేర నిలువునా ఉన్న గాలి స్తంభంలో 1 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని అణువులు అడ్డుపడే సరికి హెచ్చుశక్తి గల అతినీలలోహిత కాంతిలో మూడింట రెండు వంతులకు కొద్దిగా తక్కువ ఉన్నంత భాగం వాటిలో ఇంకిపోతుంది. ఆ ఎత్తు చుట్టూనే అయాన్ల పుట్టుక గరిష్ఠంగా ఉంటుంది. ఈ లెక్కను భౌతికశాస్త్రవేత్త సిడ్నీ చాప్‌మన్ 1931లో సమీకరణంగా రాశారు. నేటికీ ఏ గ్రహం గురించి మాట్లాడినా మొదట దీనితోనే మొదలుపెడతారు. అందులోంచి మరో ఫలితం కూడా వస్తుంది: సూర్యుడు పొద్దు వాలినప్పుడు కిరణం ఏటవాలుగా, అంటే ఎక్కువ గాలి గుండా ప్రయాణిస్తుంది కనుక, శిఖరం పైకి జరుగుతుంది, బలహీనపడుతుంది.

ఒకే రకం కాంతి, ఒకే రకం వాయువు అయితే ఒకే పొర వచ్చేది. సూర్యుడు పంపేది ఒక్క రకం కాదు. ఒక్కో తరంగదైర్ఘ్యం ఒక్కో లోతు వరకు చొచ్చుకుపోతుంది. సుమారు 10 నుంచి 90 నానోమీటర్ల మధ్య ఉండే కాంతిని ఆక్సిజన్ పరమాణువులు, నైట్రోజన్ అణువులు గట్టిగా మింగుతాయి కనుక అది 150 నుంచి 200 కిలోమీటర్ల ఎత్తులోనే ఎక్కువగా ఖర్చయిపోతుంది. పుస్తకాలు ఎఫ్1 అనేది దీనినే. 1 నుంచి 10 నానోమీటర్ల మెత్తని ఎక్స్-కిరణాలు, వాటితోపాటు హైడ్రోజన్ వెలువరించే 102.6 నానోమీటర్ల లైమన్ బీటా కాంతి ఇంకా కిందికి దిగి 105, 110 కిలోమీటర్ల దగ్గర ఇ పొరను తయారుచేస్తాయి.

డి పొర కథ వీటన్నిటికన్నా ఆసక్తికరమైనది, నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరనిది. సూర్యుడి అతినీలలోహిత కాంతిలో ప్రబలమైన గీత 121.6 నానోమీటర్ల లైమన్ ఆల్ఫా. దాని ఫోటాను (కాంతి కణం) శక్తి 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు. ఆక్సిజన్ అణువును అయనీకరించడానికి 12 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా, నైట్రోజన్ అణువుకు 15.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, కనుక ఈ కాంతి వాటిని ఏమీ చేయలేదు. అయితే ఆక్సిజన్ అణువు కాంతిని మింగే తీరులో సరిగ్గా 121.6 దగ్గర ఒక సందు ఉంది. ఆ సందులోంచి లైమన్ ఆల్ఫా 70, 80 కిలోమీటర్ల దాకా జారి వస్తుంది. అక్కడ అతి స్వల్ప మోతాదులో నైట్రిక్ ఆక్సైడ్ ఉంటుంది. దానిని అయనీకరించడానికి 9.26 ఎలక్ట్రాన్ వోల్టులు చాలు. మిగిలిన గాలి అంతా తాకకుండా వదిలిన కాంతిని, లెక్కలోకి రానంత తక్కువగా ఉన్న ఒక్క వాయువు పట్టుకోవడం వల్ల ఒక పొర ఏర్పడుతోంది. సౌరజ్వాల వెలువడిన రోజున 1 నానోమీటరు కంటే చిన్న ఎక్స్-కిరణాలు కూడా ఇక్కడిదాకా వచ్చి డి పొరను ఒక్కసారిగా చిక్కబరుస్తాయి. పగటి వైపు ఉన్న దేశాలలో షార్ట్‌వేవ్ ప్రసారాలు నిమిషాల్లో మూగబోతాయి.

అక్షరాలు డి నుంచే ఎందుకు మొదలయ్యాయని కూడా విద్యార్థులు అడుగుతుంటారు. 1924లో రేడియో తరంగాలతో ఈ ప్రాంతం ఉనికిని నిరూపించిన ఎడ్వర్డ్ యాపిల్టన్, పరావర్తనమై వచ్చే తరంగపు విద్యుత్ క్షేత్రానికి ఇ అని గుర్తు పెట్టుకునేవారు. తర్వాత దానికి పైన మరో పరావర్తనం కనిపిస్తే ఎఫ్ అన్నారు, కింద ఇంకేమైనా దొరకవచ్చని డి అక్షరాన్ని అట్టిపెట్టారు. ఈ కృషికి 1947లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతవరకు చెప్పింది పుట్టుక గురించి మాత్రమే. చాలా పాఠాలు ఇక్కడే ఆగిపోతాయి, అసలు పొరపాటు కూడా ఇక్కడే మొదలవుతుంది. చెరువులో ఎంత నీరు ఉందో తెలియాలంటే కాలువ ద్వారా ఎంత వస్తోందో ఒక్కటే చూస్తే సరిపోదు. తూము ఎంత తెరిచి ఉంది, కట్ట కింద ఎంత ఊట పోతోంది, మత్తడి దుంకుతోందా అన్నది కూడా చూడాలి. అయాన్ల సాంద్రత కూడా పుట్టుక, నాశనం, వలస అనే మూడింటి లెక్క. ఒక్కో ఎత్తులో ఈ మూడింటిలో ఒక్కోటి పైచేయి సాధిస్తుంది.

నాశనం ఎలా జరుగుతుందంటే, ధనావేశమున్న అయాను దారిన పోయే ఎలక్ట్రానును తిరిగి పట్టుకుంటుంది. దీనిని పునఃసంయోగం అంటారు. ఎలక్ట్రాను చేరినప్పుడు విడుదలయ్యే శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. అయాను రెండు పరమాణువులున్న అణువైతే, ఆ శక్తితో రెండు ముక్కలుగా విడిపోయి చెరో దిక్కుకూ పారిపోతుంది. పని సులువుగా పూర్తవుతుంది. అయాను ఒంటరి పరమాణువైతే విరగడానికి రెండో ముక్క లేదు, శక్తిని కాంతిగా వెదజల్లితే తప్ప ఎలక్ట్రాను నిలవదు. అలా జరగడం చాలా అరుదు. ఈ రెండు వేగాల మధ్య తేడా సుమారు లక్ష రెట్లు. మొత్తం అయనావరణం గురించి ఒక్క అంకె మాత్రమే గుర్తుపెట్టుకోవాలంటే ఈ లక్ష రెట్లను గుర్తుపెట్టుకోండని నేను చెబుతాను.

ఇ పొరలో ఉండేవి ఎక్కువగా నైట్రిక్ ఆక్సైడ్, ఆక్సిజన్ అణువుల అయాన్లు. మధ్యాహ్నం ఘన సెంటీమీటరుకు లక్షకు కొంచెం అటూ ఇటూగా ఎలక్ట్రాన్లు ఉంటాయి, కాని ఒక్కో ఎలక్ట్రాను ఆయుష్షు రెండు మూడు నిమిషాలకు మించదు. అందువల్ల ఇ పొర సూర్యుడిని నీడలాగా వెంబడిస్తుంది. పుట్టుక సగానికి తగ్గితే సాంద్రత సగానికి కాక 70 శాతానికి తగ్గుతుంది. ఎందుకంటే నాశనం అయాన్ల సంఖ్య, ఎలక్ట్రాన్ల సంఖ్య అనే రెండింటి లబ్ధం మీద ఆధారపడుతుంది, జనం పలుచబడితే కలుసుకునే అవకాశమూ తగ్గుతుంది. చాప్‌మన్ సమీకరణం దాదాపు యథాతథంగా పనిచేసే చోటు ఇది.

ఎఫ్1కు పైన ఉండే ఎఫ్2 పొర దగ్గరకు వచ్చేసరికి ఆ సమీకరణం మనల్ని సగం దారిలో వదిలేస్తుంది. 250 నుంచి 400 కిలోమీటర్ల మధ్య, ఘన సెంటీమీటరుకు పది లక్షల దాకా ఎలక్ట్రాన్లు ఉండే ఈ శిఖరం అన్ని పొరలలోకీ దట్టమైనది. కాని కాంతి గరిష్ఠంగా ఇంకిపోయేది ఇంతకు వంద కిలోమీటర్ల కింద. అంటే పుట్టుక ఎక్కువ ఉన్న చోట జనాభా ఎక్కువ లేదు. మీ సందేహానికి అసలైన పరీక్ష ఇది.

ఆ ఎత్తులో పుట్టేది ఒంటరి ఆక్సిజన్ అయాన్. అది నేరుగా ఎలక్ట్రానును పట్టుకోలేదని పైన చూశాం. దానికి ఒక దళారి కావాలి: ముందు ఒక నైట్రోజన్ లేదా ఆక్సిజన్ అణువును ఢీకొని, తన ఆవేశాన్ని అణు అయానుకు అప్పగించాలి, ఆ అణు అయాను వెంటనే ఎలక్ట్రానుతో కలిసి విరిగిపోతుంది. కనుక ఆక్సిజన్ అయాన్ ఆయుష్షు చుట్టూ ఎన్ని అణువులున్నాయన్న దానిమీద ఆధారపడుతుంది. నైట్రోజన్ అణువు బరువు 28, ఆక్సిజన్ పరమాణువు బరువు 16. ఇంత ఎత్తులో వాయువులు ఒకదానితో ఒకటి కలగలసి ఉండవు, బరువైనది త్వరగా పలుచబడుతుంది. పైకి వెళ్ళేకొద్దీ ఆక్సిజన్ పరమాణువులు తగ్గుతాయి కనుక పుట్టుక తగ్గుతుంది. కాని దళారి అణువులు అంతకంటే వేగంగా తగ్గుతాయి కనుక నాశనం ఇంకా ఎక్కువగా తగ్గుతుంది. కాలువ నీరు సన్నగిల్లుతున్నా తూము అంతకన్నా ముందే మూసుకుపోతే చెరువు మట్టం పెరుగుతుంది కదా, అదే జరుగుతోంది.

ఈ పెరుగుదల ఎక్కడో ఒకచోట ఆగాలి. గాలి మరీ పలుచబడిన చోట అయాన్లు తమ బరువుకు అయస్కాంత రేఖల వెంట స్వేచ్ఛగా కిందికి జారగలుగుతాయి. ఒక అయాను రసాయన చర్యలో నశించడానికి పట్టే కాలం, కిందికి జారిపోవడానికి పట్టే కాలం సమానమయ్యే ఎత్తు దగ్గర ఎఫ్2 శిఖరం నిలుస్తుంది. కాబట్టి ఎఫ్2ను కాంతి గీసిన పొర అనడం సరికాదు. ఆయుష్షు, వలస కలిసి గీసిన పొర అది. పాఠ్యపుస్తకాలు ఈ తేడాను ఒక్క వాక్యంలోనైనా చెప్పాలని నా కోరిక.

ఈ మాటలకు మన నేల మీదే ఒక గొప్ప ప్రదర్శన జరిగింది. 1980 ఫిబ్రవరి 16న మధ్యాహ్నం సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటక నుంచి పాలమూరు, నల్లగొండ జిల్లాల మీదుగా ఒడిశా వైపు సాగిపోయింది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జపాల్-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉంది. దేశదేశాల శాస్త్రవేత్తలు అక్కడికి వచ్చారు. మా ఊళ్ళో పెద్దలు తలుపులు బిగించుకుని కూర్చున్నారు, నేను మాత్రం ఆ చీకటిని చూశాను. సంపూర్ణ గ్రహణం అయనావరణాన్ని అధ్యయనం చేసేవారికి చేతికందిన స్విచ్ వంటిది. పుట్టుకను కొద్ది నిమిషాలు ఆపేసి, ఏ పొర ఎంత వేగంగా తరుగుతుందో చూడవచ్చు. ఏ గ్రహణంలో చూసినా డి, ఇ పొరలు నీడతోపాటే తగ్గి, వెలుగుతోపాటే తిరిగి వస్తాయి. ఎఫ్2 ఆలస్యంగా, మందకొడిగా స్పందిస్తుంది. సూర్యబింబం పూర్తిగా మూసుకున్నా దాని చుట్టూ ఉండే కరోనా ఎక్స్-కిరణాలను పంపుతూనే ఉంటుంది కనుక ఇ పొర కూడా సున్నాకు పడిపోదు.

రాత్రి గురించిన మీ రెండో ప్రశ్నకు జవాబు ఇప్పుడు మీరే ఊహించగలరు. పొద్దు కుంకగానే డి పొర ఎలక్ట్రాన్లు ఆక్సిజన్ అణువులకు అంటుకుని, అయాన్లతో కలిసి నిమిషాలలో మాయమవుతాయి. ఇ పొర నూరో వంతుకు దగ్గరగా పడిపోతుంది. నక్షత్రాల కాంతి, భూమి చుట్టూ ఉన్న హైడ్రోజన్ మీద పడి చెదిరి వచ్చే సూర్యకాంతి కలిసి ఆ కాస్తను నిలబెడతాయి. 300 కిలోమీటర్ల దగ్గర ఆక్సిజన్ అయాన్ ఆయుష్షు గంటలలో ఉంటుంది, పైగా పగలంతా పైకి చేరి నిల్వ ఉన్న అయాన్లు రాత్రి మళ్ళీ కిందికి జారుతుంటాయి. కనుక ఎఫ్2 తెల్లవారేదాకా మిగులుతుంది, తెల్లవారుజామున మాత్రం అన్నిటికన్నా పలుచగా ఉంటుంది.

మనం ఉన్న చోటు గురించి కూడా ఒక మాట చెప్పాలి. సూర్యుడు మే రెండో వారంలో, ఆగస్టు మొదటి వారంలో నల్లగొండకు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. చాప్‌మన్ లెక్క ఒక్కటే నిజమైతే ఆ దినాలలో మన మీది ఎఫ్ పొర దేశంలోకెల్లా దట్టంగా ఉండాలి. అలా ఉండదు. అయస్కాంత భూమధ్యరేఖ, అంటే భూమి అయస్కాంత క్షేత్రం నేలకు సమాంతరంగా ఉండే రేఖ, మన దేశపు దక్షిణ కొనకు దగ్గరగా వెళ్తుంది. 1963లో కేరళలోని తుంబాను రాకెట్ కేంద్రానికి ఎంచుకోవడానికి కారణం అదే. ఆ రేఖ మీద పగటిపూట తూర్పు దిశగా విద్యుత్ క్షేత్రం ఉంటుంది, అయస్కాంత క్షేత్రం ఉత్తరానికి పడుకుని ఉంటుంది, ఆ రెండూ కలిసి అయాన్లను, ఎలక్ట్రాన్లను నిలువునా పైకి ఎత్తుతాయి. ఎత్తినవి అయస్కాంత రేఖల వెంట ఫౌంటెన్ నీటిలాగా రెండు వైపులా జారి, రేఖకు సుమారు 15 డిగ్రీల దూరంలో పోగుపడతాయి. మన దేశంలో ఆ పోగు అహ్మదాబాద్, భోపాల్, కోల్‌కతాల పరిసరాలలో ఉంటుంది. మనం పల్లానికీ మిట్టకూ నడుమ, ఎక్కుడు వాలు మీద ఉన్నాం. జీపీఎస్ సంకేతం ఈ వాలు గుండా వచ్చేటప్పుడు పడే ఆలస్యం దిక్కును బట్టి మారిపోతుంది. విమానాలకు ఉపయోగపడే గగన్ వ్యవస్థను రూపొందించినప్పుడు ఇస్రో, విమానాశ్రయాల సంస్థ పడిన ప్రధాన కష్టాలలో ఇదొకటి. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయపు నెర్టు అనే నావిగేషన్ ఎలక్ట్రానిక్స్ పరిశోధన విభాగంలో ఇలాంటి పరిశోధనలు జరుగుతాయి. మీకు ఈ విషయం మీద ఆసక్తి నిలిస్తే ఆ దారి దూరంలో లేదు.

ఇక ఇతర గ్రహాలు. 1965 జూలైలో మెరైనర్ 4 అనే అంతరిక్ష నౌక అంగారకుడి వెనక్కి తప్పుకుంటున్నప్పుడు దాని రేడియో సంకేతం వంగిన తీరును బట్టి అక్కడ కూడా అయనావరణం ఉందని తేలింది. పగటి శిఖరం 130 కిలోమీటర్ల ప్రాంతంలో, ఘన సెంటీమీటరుకు రెండు లక్షల దరిదాపుల్లో ఉంటుంది. దానికి కొంచెం దిగువన మెత్తని ఎక్స్-కిరణాల వల్ల ఏర్పడే చిన్న మెట్టు కూడా కనిపిస్తుంది. ఆ గాలి దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్ అయినా, అక్కడి ప్రధాన అయాను మాత్రం ఆక్సిజన్ అణువుది, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్ అయాను ఆక్సిజన్ పరమాణువును తాకగానే తన ఆవేశాన్ని వదులుకుంటుంది. అది అణు అయాను కనుక త్వరగా నశిస్తుంది. అందువల్ల అంగారకుడి ముఖ్య పొర మన ఎఫ్2ను కాక, ఎఫ్1ను పోలి, చాప్‌మన్ గీసిన ఆకారానికి చక్కగా సరిపోతుంది. శుక్రుడి శిఖరం 140 కిలోమీటర్ల దగ్గర. అక్కడా అదే రసాయనం. శుక్రుడి మీద ఒక రాత్రి మన లెక్కలో 58 రోజులు. అంతకాలం ఏ అణు అయానూ బతకదు, అయినా చీకటి వైపు కొంత అయనావరణం ఉంది. పగటి వైపు నుంచి అయాన్లు ఎత్తైన దారుల్లో అటువైపు ప్రవహిస్తాయి. పుట్టుక లేని చోట వలస ఒక్కటే పొరను నిలబెట్టడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

కాంతితో నిమిత్తం లేని పొర ఒకటి ఉంది, దానిని కూడా చెప్పి ముగిస్తాను. ఉల్కలు 100 కిలోమీటర్ల దగ్గర కాలిపోతూ ఇనుము, మెగ్నీషియం పరమాణువులను వదులుతాయి. అవి అయాన్లుగా మారితే, ఒంటరి పరమాణువులు కనుక, చాలాకాలం నశించవు. పైన ఒక దిక్కుకు, కింద మరో దిక్కుకు అడ్డంగా వీచే గాలులు వాటిని ఒకటి రెండు కిలోమీటర్ల మందం గల పలుచని తట్టుగా పోగుచేస్తాయి. హఠాత్తుగా వచ్చి పోయే ఈ ఇ పొర వల్లే ఎప్పుడో ఒకసారి వందల కిలోమీటర్ల దూరపు ఎఫ్ఎం స్టేషన్ మన రేడియోలో వినిపిస్తుంది. 2014 అక్టోబరు 19న సైడింగ్ స్ప్రింగ్ అనే తోకచుక్క అంగారకుడికి లక్షా నలభై వేల కిలోమీటర్ల లోపు నుంచి వెళ్ళినప్పుడు, దాని ధూళి వల్ల అక్కడ కూడా లోహ అయాన్ల పొర తాత్కాలికంగా ఏర్పడినట్టు నాసా వారి మావెన్ నౌక కొలిచింది.

మీరు స్వయంగా చూడాలనుకుంటే ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. మీడియం వేవ్ ఉన్న పాత రేడియో ఒకటి సంపాదించి, ఊరికి కొంచెం దూరంగా, కరెంటు తీగలు లేని చోట కూర్చోండి. పగలు వినపడని దూరపు స్టేషన్ పౌనఃపున్యం ఒకటి ఎంచుకుని, పొద్దు కుంకడానికి అరగంట ముందు నుంచి రెండు గంటలపాటు ఐదేసి నిమిషాలకు ఒకసారి అది ఎంత స్పష్టంగా ఉందో 0 నుంచి 5 వరకు మార్కులు వేయండి. మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి లేచి మళ్ళీ అదే చేయండి. సాయంత్రం డి పొర కరిగేకొద్దీ ఆ స్టేషన్ పైకి తేలుతుంది, ఉదయం మునిగిపోతుంది. వారం రోజులు రాసి, ఆ మార్పు మీ ఊళ్ళో సూర్యుడు కనిపించే వేళకు ముందు మొదలవుతోందా, తర్వాతా అన్నది చూడండి. 80 కిలోమీటర్ల ఎత్తులో తెల్లవారడం మనకంటే ముందే జరుగుతుంది.